ఆ టవర్ లైన్ల ఖర్చు మా బిల్లులో వేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. వైజాగ్‌లో గూగుల్ డేటా సెంటర్‌కి 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించిన రోజు మా ఇంట్లో కూడా సంతోషపడ్డాం, మా వైపు పిల్లలు చదువుకైనా ఉద్యోగానికైనా ముందు చూసేది వైజాగే కదా. అయితే అది గిగావాట్ స్థాయి సెంటర్, అంటే 1,000 మెగావాట్లు. రాత్రీ పగలూ నడవాలి. అంత కరెంటు మోయడానికి కొత్త లైన్లు పడితే వాటి డబ్బు ఎవరు కడతారు?

ఇప్పటి పద్ధతిలో రాష్ట్రాల మధ్య నడిచే లైన్ల ఖర్చులో చాలా భాగం అన్ని రాష్ట్రాల డిస్కమ్‌లూ, అంటే ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థలు, పంచుకుంటాయి, వాళ్లు దాన్ని మన బిల్లుల్లో వేస్తారు. లైను ఆయుష్షు 35 ఏళ్లని లెక్కకట్టి వసూలు చేస్తారు. పదేళ్లకు ఆ సెంటర్ వాడకం తగ్గించుకుంటే మిగిలిన పాతికేళ్లూ కట్టేది ఇంట్లో రెండు ఫ్యాన్లు తిరిగేవాళ్లే.

ఇక భూమి సంగతి. మా మామయ్యగారి జీడితోట మీదుగా చాలా ఏళ్ల కిందట ఒక హైటెన్షన్ లైను వేశారు. నరికిన చెట్లకు ఇంతని చేతిలో పెట్టి వెళ్లిపోయారు, తీగల కింది నేలకు పైసా ఇవ్వలేదు, అక్కడ మళ్లీ జీడి మొక్క పెట్టనివ్వడం లేదు. అంగుల్ నుంచి శ్రీకాకుళం వచ్చే లైనులా 765 కేవీ (7.65 లక్షల వోల్టుల) డబుల్ సర్క్యూట్, అంటే ఒకే టవర్ల మీద రెండు లైన్లు అయితే 67 మీటర్ల వెడల్పున దారి పోతుంది. చిన్న రైతుకి అది సగం పొలం. టవర్ కాళ్ల కింది భూమికి దాని విలువలో 200 శాతం, తీగల కింది భూమికి 30 శాతం ఇవ్వాలని కేంద్రం 2024 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది, చాలా మంచి పని, కానీ అవి రాష్ట్రం ఒప్పుకుని అమలు చేస్తేనే రైతుకి అందుతాయి.

అమెరికాలో ఒహాయో రాష్ట్ర నియంత్రణ కమిషన్ 2025లో అక్కడి ఒక విద్యుత్ సంస్థ పరిధిలో ఏం చేసిందో మనవాళ్లు చూడాలి. 25 మెగావాట్లు దాటిన కొత్త డేటా సెంటర్ తనకు ఎంత కావాలని చెప్పిందో అందులో కనీసం 85 శాతానికి, వాడినా వాడకపోయినా, 12 ఏళ్ల దాకా డబ్బు కట్టాలి. ఉత్తుత్తి డిమాండ్ చూపించి లైన్లు వేయించుకునే వీలు అక్కడ తగ్గింది.

ఆంధ్ర, ఒడిశా విద్యుత్ నియంత్రణ మండళ్లు ఇలాంటి షరతు కనెక్షన్ ఇవ్వకముందే రాయాలి, ఇచ్చాక అడిగితే వినేవాళ్లుండరు. లైను మా ఊళ్ల మీదుగా వస్తే 2024 రేటు ప్రకారం పరిహారం, టవర్ గుంత తవ్వే ముందే, రైతు ఖాతాలో పడాలి.

ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా