ఆడపిల్లల నిద్రలో కోత
రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ చదివే ఆడపిల్లల్ని తెల్లవారుజామున 4:30కే స్టడీ అవర్‌కి లేపడం మానాలి. ఆ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది, 11 దాకా కన్ను మూతపడదు, కావలసింది 8 నుంచి 10 గంటల నిద్ర, దక్కేది ఐదున్నర గంటలు. మా అమ్మాయి నెలసరికి రెండ్రోజుల ముందు ఫోన్ చేసి ఊరికే ఏడ్చేది, వార్డెన్‌ని అడిగితే ‘పొగరండీ, చదువు తప్పించుకోడానికే’ అంది (ఆవిడా ఆ వయసు దాటి వచ్చిందే). నెలసరికి ముందు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు పడిపోతాయి, చాలామందికి చిరాకు, దిగులు వస్తాయి, అది పొగరెలా అవుతుంది? కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నా వేడినీళ్ల బ్యాగు ఉండదు, హాజరు మాత్రం తప్పదు. ఉదయం 6కి ముందు స్టడీ అవర్ పెట్టకుండా ఇంటర్ బోర్డు కట్టడి చేయాలి, నెలసరి మొదటి రోజు అడిగిన పిల్లని గదిలో పడుకోనివ్వాలి, వార్డెన్లకి ఒక్కపూట లేడీ డాక్టరు చేత క్లాసు చెప్పించాలి.