మెనూ సమస్య తీరింది, సాయం చేసిన అందరికీ థ్యాంక్స్

ముందుగా అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండీ. వెబ్‌సైట్ మెనూ స్క్రీన్ వెడల్పుకి తగ్గట్టు మారట్లేదని ఇక్కడ అడిగాను కదా, అది ఇప్పుడు ఏ వెడల్పులో చూసినా సరిగ్గా వస్తోంది, ఫోన్ అడ్డం తిప్పినా, బ్రౌజర్ విండోని పట్టుకుని అటూ ఇటూ లాగినా సరే. ఇదే చిక్కులో ఇంకెవరైనా ఉంటే పనికొస్తుందని మీరు చెప్పినవి ఇక్కడ రాసి పెడుతున్నాను.

నా చేతికొచ్చిన స్క్రిప్ట్‌లో (పేజీని నడిపే జావాస్క్రిప్ట్ కోడ్) ఫోన్‌కి, ట్యాబ్లెట్‌కి, డెస్క్‌టాప్‌కి వేరే వేరే మెనూలు ఉన్నాయి. కానీ ఎందులో చూసినా ట్యాబ్లెట్ మెనూయే. కన్సోల్‌లో (బ్రౌజర్‌లో తప్పులు కనిపించే, కోడ్ ముక్కలు వేసి చూసుకునే చోటు) ఎర్రర్ లేదు, కనీసం వార్నింగ్ కూడా లేదు, అదే అసలు టెన్షన్. "ఇఫ్ బ్రాకెట్ లోపల ఉన్న ముక్కని విడిగా కన్సోల్‌లో వేసి, విండో 1400 ఉన్నప్పుడు ఏం వస్తుందో చెప్పండి" అని అడిగినవారికి మొదటి దండం. నేరుగా కోడ్ రాసిచ్చేసి ఉంటే కాపీ చేసుకుని మర్చిపోయేదాన్ని.

ఇఫ్ అనే షరతులో ఉన్న ఆ ముక్క ఇది: 480 < విడ్త్ < 768. లెక్కల్లో ఇది సరైనదే, పైథాన్‌లోనూ సరైనదే. జావాస్క్రిప్ట్ మాత్రం ఎడమ వైపు నుంచి ఒక్కో జత చూసుకుంటూ పోతుంది. ముందు 480 < విడ్త్ చూసి ట్రూ అనో ఫాల్స్ అనో తేలుస్తుంది, తర్వాత ఆ ట్రూని 1గా, ఫాల్స్‌ని 0గా మార్చుకుని 768తో పోలుస్తుంది. ఒకటైనా సున్నా అయినా 768 కన్నా తక్కువే కదా! అంటే వెడల్పు 300 ఉన్నా 3000 ఉన్నా జవాబు ట్రూయే, షరతు తప్పితే నడవాల్సిన ఎల్స్ కింద ఉంది, దాని దాకా ఎప్పటికీ పోదు. విడ్త్ >= 480 && విడ్త్ < 768 అని రెండుగా విడగొట్టగానే (మధ్యలో ఉన్న గుర్తుకి రెండూ నిజం కావాలని అర్థం) దారిలో పడింది. విచిత్రం ఏంటంటే కొత్త సీఎస్‌ఎస్ (పేజీ రూపం చెప్పే భాష) మీడియా క్వెరీల్లో, అంటే స్క్రీన్ సైజుని బట్టి రూపం మార్చే షరతుల్లో, ఆ మొదటి పద్ధతిలోనే రాయొచ్చు, అక్కడ చక్కగా పనిచేస్తుంది.

ఆ మార్పు తర్వాత సరిగ్గా 768 దగ్గర మెనూ అసలు రాకపోవడం వేరే కథ. ఒక కండిషన్‌లో < 768, ఇంకోదాంట్లో > 768 ఉంటే ఆ ఒక్క అంకె ఎవరికీ చెందదు. పాత ఐప్యాడ్‌లు చాలావాటిని నిలువుగా పట్టుకుంటే వెడల్పు సరిగ్గా అంతే. పెద్ద సైజు నుంచి మొదలుపెట్టి >= తో ఎల్స్ ఇఫ్‌లు వరసగా దించుకుంటూ రమ్మన్న సలహా నాకు బాగా నచ్చింది, అప్పుడు సందులూ ఉండవు, && అవసరమూ ఉండదు.

స్క్రోల్‌బార్ సంగతి చెప్పినవారికి ఇంకో థ్యాంక్స్. మీడియా క్వెరీ స్క్రోల్‌బార్‌ని కలిపి కొలుస్తుంది, జావాస్క్రిప్ట్ ఇచ్చే ఇన్నర్‌విడ్త్ కొలత కూడా అంతే, జేక్వెరీ అనే లైబ్రరీ ఇచ్చే విండో విడ్త్ మాత్రం దాన్ని తీసేసి కొలుస్తుంది. విండోస్‌లో ఆ తేడా సాధారణంగా 15 నుంచి 17 పిక్సెళ్లు. ఆ కాస్త మేరలో సీఎస్‌ఎస్ డెస్క్‌టాప్ అంటుంది, స్క్రిప్ట్ ట్యాబ్లెట్ అంటుంది, మెనూ సగం సగం కనిపిస్తుంది.

చివరికి కొలవడమే మానేసి మ్యాచ్‌మీడియాకి (మీడియా క్వెరీ నిజమో కాదో స్క్రిప్ట్‌కి చెప్పే సదుపాయం) మారాను. సీఎస్‌ఎస్‌లో ఉన్న కండిషన్‌నే స్క్రిప్ట్‌లోనూ ఇస్తే రెండింటికీ గొడవ ఉండదు. పైగా రీసైజ్ ఈవెంట్ (విండో సైజు మారిందని బ్రౌజర్ ఇచ్చే కబురు) విండో లాగుతున్నంతసేపూ మోగుతూనే ఉంటుంది, మోగినప్పుడల్లా బటన్‌కి ఇంకో క్లిక్ హ్యాండ్లర్ (నొక్కితే నడిచే కోడ్) తగిలించేది ఆ పాత స్క్రిప్ట్, అందుకే ఒక్క నొక్కుకి మెనూ తెరుచుకుని వెంటనే మూసుకునేది. మ్యాచ్‌మీడియాలో ఛేంజ్ ఈవెంట్ హద్దు దాటినప్పుడే వస్తుంది.

అంతా సీఎస్‌ఎస్‌లోనే చేసేయమన్నవారి మాట కూడా న్యాయమే, చూపించడం దాచడం వరకైతే నేనూ అదే అంటాను. కానీ మెనూ తెరుచుకుందో లేదో స్క్రీన్ రీడర్‌కి (చూపు లేనివారికి తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) తెలియాలి, ఫోకస్ (కీబోర్డ్ ప్రస్తుతం ఉన్న చోటు) సరైన చోటికి పోవాలి, వాటికి స్క్రిప్ట్ తప్పదు.

సఫారీ 14 కన్నా పాతవాటిలో మ్యాచ్‌మీడియాకి ఆ ఛేంజ్ కబురు అందుకునే యాడ్‌ఈవెంట్‌లిజనర్ ఉండదు, పాత పద్ధతి యాడ్‌లిజనర్ వాడాలి, లేకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది అని ఆఖర్లో ఒక్క లైన్ రాసి వెళ్లినవారూ, మీకు ప్రత్యేకంగా థ్యాంక్స్ అండీ. టెస్టింగ్‌కి నా దగ్గరున్న ఐప్యాడ్ ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయిన రకం.