అడవి శిబిరాల్లోనూ అమ్మో నాన్నో పక్కనుండాలి

సంపాదకులకు నమస్కారం.

పదహారేళ్ల మా అబ్బాయి నిరుడు ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో కాలేజీ మానేసి గది తలుపు వేసుకుని కూర్చున్నప్పుడు, అమెరికాలో ఉంటున్న మా బంధువు ఒకరు, అక్కడ ఇలాంటి పిల్లలను రెండు మూడు నెలలు అడవుల్లో ఉంచి, నడిపించి, నిప్పు రాజేసి వండుకోవడం నేర్పి, మధ్యమధ్య కౌన్సెలింగ్ ఇచ్చే శిబిరాలు ఉన్నాయని, ఇక్కడా అటువంటిది వెతకమని చెప్పారు. దిక్కుతోచక ఉన్న మాకు ఆ మాట పెద్ద ఆసరాగా అనిపించింది.

అయితే చదివిన కొద్దీ భయం వేసింది. ఇటువంటి శిబిరాల్లో, పిల్లల చికిత్సా కేంద్రాల్లో జరిగిన 10 మరణాలను అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ 2007లో పరిశీలించింది. వాటిలో కొన్నింటిలో, ఎండదెబ్బకో దాహానికో సొమ్మసిల్లిన పిల్లలు నటిస్తున్నారని సిబ్బంది అనుకున్నారట. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినా శిబిరంలో 12 ఏళ్ల బాలుడు, చేరిన 24 గంటలలోపే ఊపిరాడక చనిపోయాడు. తరువాత రాష్ట్రం ఆ శిబిరం లైసెన్సు రద్దు చేసింది. దోషం అడవిది కాదు. నొప్పి చెబితే నమ్మే మనిషి ఆ పిల్లల పక్కన లేకపోవడమే అసలు లోపమని నాకు తోస్తోంది.

ఈ విషయంలో మన చట్టం స్పష్టంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 87వ సెక్షన్ ప్రకారం, మైనరును చికిత్సా కేంద్రంలో చేర్చుకోవాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు, లేదా ఒక సైకియాట్రిస్టుతో పాటు మరో అర్హులైన నిపుణులు, విడివిడిగా పరీక్షించాలి. పెద్దలతో కలపకుండా వేరుగా ఉంచాలి. 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, సంరక్షకులు గానీ, వారు నియమించిన సహాయకులు గానీ బిడ్డతోపాటు అక్కడే ఉండాలి. కానీ 'వ్యక్తిత్వ వికాస శిబిరం' అని బోర్డు పెట్టుకుని, పిల్లల దిగులుకూ కోపానికీ చికిత్స చేస్తామని చెప్పే నిర్వాహకులు ఈ నిబంధనలు తమకు వర్తించవని వాదించే అవకాశం ఉంది. ఆ సందు మూసేయాలి.

మేము చివరకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి, వారి సలహాతో సైకియాట్రిస్టును కలిశాం. ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు నేనూ మావాడూ రైల్లో వికారాబాద్ వెళ్లి అనంతగిరి కొండల్లో నడుస్తున్నాం. వాడు కాలేజీ గురించి ఇంకా మాట్లాడడు. చెట్ల గురించి మాత్రం అడుగుతున్నాడు.

చికిత్స పేరుతో మైనర్లను రాత్రిళ్లు ఉంచుకునే ప్రతి శిబిరాన్నీ, దాని పేరు ఏదైనా, ఈ చట్టం కింద నమోదు చేయించాలనీ, తల్లిదండ్రులను దూరంగా ఉంచే శిబిరాలకు అనుమతి ఇవ్వరాదనీ రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక తండ్రి, తార్నాక, హైదరాబాద్