పార్లర్లలో ఫిల్లర్లు: చామనచాయ చర్మాలకు రక్షణ ఏది?

సంపాదకులకు నమస్కారం.

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడగానే హనుమకొండ, వరంగల్‌లలో పెదాలకు, బుగ్గలకు, కళ్ల కింద గుంటలకు ఫిల్లర్లు వేస్తామనే ప్రకటనలు బ్యూటీ పార్లర్లలో సైతం కనిపిస్తున్నాయి. గుంటలు నింపడానికి, ఒంపు తేవడానికి సూదితో చర్మం లోపలికి ఎక్కించే జెల్‌నే ఫిల్లర్ అంటారు. దీన్ని ఎక్కువగా, మన చర్మంలో సహజంగానే ఉండే హైలురోనిక్ యాసిడ్ అనే పదార్థంతో తయారుచేస్తారు. శిక్షణ పొందిన వైద్యులు వేస్తే చాలామందికి ఏ ఇబ్బందీ రాదు గనుక నేను నిషేధం కోరడం లేదు. కానీ మన చర్మపు రంగును బట్టి తీసుకోవలసిన జాగ్రత్తలను ఆ ప్రకటనల్లో ఒక్కరూ ప్రస్తావించకపోవడం ఆందోళన కలిగిస్తోంది.

చామనచాయ, నలుపు చర్మంలో సూది గుచ్చిన చోట వాపు తగ్గాక కూడా నల్లమచ్చ వారాలు, కొందరిలో నెలల తరబడి ఉండిపోవచ్చు. చెవులు కుట్టించుకున్న చోట ఎప్పుడైనా కెలాయిడ్ గడ్డ (గాయం మానాక మచ్చ ఉబ్బి పెరగడం) లేచినవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. అమెరికాలో 2003లో అనుమతి పొందిన రెస్టిలేన్ అనే ఫిల్లర్‌ను ముదురు రంగు చర్మం గలవారిలో ఆ తర్వాత విడిగా పరీక్షించవలసి వచ్చిందంటే, ఈ తేడా ఎంత ముఖ్యమో గ్రహించవచ్చు.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం, జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్లడం. అప్పుడు రక్తం అందక అక్కడి చర్మం చనిపోవచ్చు. అరుదుగా చూపు కూడా పోవచ్చు. తెల్లని చర్మం పాలిపోతే, నీలి మరకలు పడితే ఇట్టే తెలుస్తుంది. మన చర్మంలో ఆ మార్పు అంత స్పష్టంగా కనిపించదు కాబట్టి, వేలితో నొక్కి వదిలినప్పుడు రక్తం ఎంత త్వరగా తిరిగి చేరుతోందో ముఖానికి రెండు వైపులా పోల్చి చూడాలి, విపరీతమైన నొప్పి ఉందంటే వెంటనే నమ్మాలి. నొప్పిని ఓర్చుకొమ్మని ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ చెప్పే ఇళ్లు మనవి. ఇక్కడ ఆ ఓర్పు ప్రాణాంతకం కాకపోయినా ముఖాన్నీ కంటినీ బలిగొనవచ్చు. హైలురోనిక్ ఫిల్లర్‌ను కరిగించే హైలురోనిడేజ్ ఇంజెక్షన్‌ను ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. అది దగ్గర లేనిచోట, దాన్ని వాడటం తెలిసిన వైద్యుడు లేనిచోట ఫిల్లర్ వేయనే కూడదు.

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. ఫిల్లర్లు కూడా ఆ కోవలోకే వస్తాయి. కనుక జిల్లా వైద్యారోగ్య శాఖాధికారులు, ఔషధ తనిఖీ అధికారులు కలిసి పార్లర్లను తనిఖీ చేయాలి. వైద్యులు కానివారు సూదులు వేస్తుంటే మూయించాలి. వేసిన ఫిల్లర్ పేరు, బ్యాచ్ నంబరు రాసిన కాగితాన్ని ప్రతి ఒక్కరికీ ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ఏదైనా జరిగి వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తినవారికి ఏ మందు ఎక్కించారో అక్కడి వైద్యులకు ఆ కాగితం చూస్తేనే తెలుస్తుంది.

— ఒక పాఠకురాలు, హనుమకొండ