కార్యదర్శి వార్షిక నివేదిక: 2025-26

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

2025 సెప్టెంబరులో విశాఖ, భీమిలి మధ్య తీరంలోని మన ఎర్రమట్టి దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. అదే విడతలో తిరుమల కొండలకూ చోటు దక్కింది. ఎన్నో ఏళ్లుగా అర్జీలు మోసిన పెద్దలందరి కష్టం ఇది. అయితే జాబితాలో పేరున్నంత మాత్రాన దిబ్బలకు కాపలా వచ్చినట్టు కాదు. కనీసం ఏడాది అందులో ఉన్నాకే అసలు వారసత్వ జాబితాకు నామినేషన్‌కు వీలుంటుంది. జియోలాజికల్ సర్వే వారి జాతీయ భూవైజ్ఞానిక వారసత్వ గుర్తింపు ఉన్నా, దాని వెనుక ప్రత్యేక చట్టం లేదు. 2022 డిసెంబరులో ఇలాంటి స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ విడుదల చేసిన ముసాయిదా బిల్లు చట్టం కావాలన్నదే మన మొదటి కోరిక. 2024లో యంత్రాలతో నేల చదును చేసిన ఉదంతం ఎవరూ మరచిపోలేదు కదా.

ఈ ఏడాది మన కార్యక్రమాల్లో తలమానికం పిల్లల నడక. భూగర్భశాస్త్రం మాస్టారు వారిని గెడ్డ (వాగు) కోసిన గోడ పక్కన నిలబెట్టి అడుగున పసుపు ఇసుక, దానిపై గట్టి గడ్డలున్న ఎర్ర గోధుమ పొర, ఆపై ఇటుక రంగు, అన్నిటికీ పైన లేత పసుపు ఇసుక చూపించారు. ఒక పాప గోటితో తాకగానే ఇసుక జలజలా రాలింది. “ఇది రాయి కాదు, ఇసుకే. ఇనుము తుప్పే ఈ ఎరుపు” అని మాస్టారు చెప్పగానే గోడ ఎక్కబోయిన కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే దిగిపోయారు. దక్షిణాసియాలో ఇలాంటి తీరప్రాంత ఎర్ర ఇసుక మేటలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా పెద్దగా లేవని కూడా పిల్లలు రాసుకున్నారు.

మాస్టారికి, ప్రధానోపాధ్యాయులకు, దారి చూపిన మత్స్యకార సోదరులకు, మజ్జిగ పంచిన మహిళా సభ్యులకు, విలేకరులకు, ఆటో డ్రైవర్లకు పేరుపేరునా కృతజ్ఞతలు.

సరిహద్దు రాళ్లు పాతమని ఇచ్చిన వినతికి ఒక కార్యాలయం రసీదు ఇచ్చి ఊరుకుంది, మరొకటి తన పరిధి కాదంది. రెండింటి మధ్యా తిరిగి చెప్పులరిగాయి. ప్లాస్టిక్ ఏరే ఆదివారాలకు పేర్లిచ్చినవారు బోలెడు, వచ్చింది మాత్రం ఎప్పుడూ ఆ నలుగురే. ఇది బాధతోనే రాస్తున్నాను.

లెక్కలు ఆడిటరు చూశారు, వాటి నకలు అందరికీ అందింది, ఆమోదించగోరుతున్నాను.

సరిహద్దుల నిర్ధారణ కోరే తీర్మానం ఈరోజే మీ ముందుంది. ఆదివారాల పుస్తకం తలుపు పక్క బల్లమీద ఉంది. రాగలిగిన తేదీకి ఎదురుగానే సంతకం చేయండి.

కార్యదర్శి