మా ఎంబిరా ప్యాక్‌లో తప్పు నాదే

మా ఎంబిరా ప్యాక్ (జింబాబ్వే వాద్యం ఎంబిరా స్వరాల్ని రికార్డ్ చేసి, పాటలు కట్టేవాళ్లు కంప్యూటర్‌లో వాడుకునేలా అమ్మే ఫైళ్లు) కొన్నవాళ్లలో కొందరు "అంతా బానే ఉంది కానీ ఫోన్ రింగ్‌టోన్‌లా వినిపిస్తోంది" అని మెయిల్ పెట్టారు. మొదట్లో నెపం మీ స్పీకర్ల మీదకి నెట్టేశాను. క్షమించండి.

జొహానెస్‌బర్గ్‌లో మా స్టూడియోకి వచ్చి వాయించిన పెద్దాయనది జింబాబ్వే. సెకురు అని పిలుస్తాం, షోనా భాషలో తాతయ్య. పోయిన నెల ఆయనకి ప్యాక్ వినిపించాను. సగం వినకుండానే హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, "ఆ జుంజుం ఏమైంది?" అన్నారు.

ఎంబిరా అంటే చెక్క పలక మీద ఇరవై పైచిలుకు ఇనుప రేకులు. రెండు బొటనవేళ్లతో, కుడి చూపుడు వేలితో మీటుతారు. పలకని డేజె అనే పెద్ద సొరబుర్రలో ఇరికిస్తారు. బుర్ర అంచు చుట్టూ సోడా మూతలో గుల్లలో కడతారు. రేకు మీటితే అవీ జుమ్మంటాయి. నేను దాన్ని నాయిస్ అనుకుని శుభ్రంగా తుడిచేశాను! తంబురాకి జీవ పలకాలని తీగ కింద నూలుపోగు జరిపే అమ్మని చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు తట్టొద్దూ? పైగా కవర్ మీద '2020లో యునెస్కో జాబితాకెక్కిన వాద్యం' అని గొప్పగా వేయించాను.

మళ్లీ రికార్డ్ చేశాం. పోయినసారి మైక్ బుర్ర నోట్లో పెట్టినంత పని చేశాం, బేస్ గుడగుడలాడింది. ఈసారి ఒక మైక్ రెండడుగుల దూరంలో, కాస్త పక్కగా. ఇంకోటి సెకురు భుజం మీదుగా రేకుల వైపు. రెండూ కలిపితే డొల్లగా వినిపించింది, ఫేజ్ గొడవ: ఒకే ధ్వని రెండు మైకులకీ కాస్త తేడాగా చేరి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. భుజం మైక్‌ని అంగుళం అంగుళం జరుపుతూ ఒక పూట గడిచిపోయింది. సెకురు ఈలోపు రెండు టీలు తాగారు. చిన్న శబ్దాల్ని కోసేసే గేట్ పెట్టలేదు, నాయిస్ రిడక్షన్ జోలికే పోలేదు.

ఇంకోటి. స్వరాలని కీబోర్డుకి సరిపోయేలా లాగాను. ఎంబిరాకి ఒకటే శ్రుతి ఉండదు, చేసిన చేతిని బట్టి మారుతుంది. కొత్త ప్యాక్‌లో సెకురు వాద్యం శ్రుతే ఉంటుంది, పియానోతో అచ్చంగా కలవదు. సరిచేసినవి వేరే ఫోల్డర్‌లో పెడతాను, నాకైతే నచ్చవు.

పాత కొనుగోలుదారులకి కొత్త ప్యాక్ ఉచితం, వచ్చే నెల మొదటి వారంలో అదే లింక్‌లో. డబ్బు వాపసు కావాలన్నా ఇస్తాను. సెకురుకి అప్పుడు రోజు లెక్కన ఇచ్చి ఊరుకున్నాం, ఇప్పుడు ప్రతి అమ్మకంలో వాటా రాసిచ్చాం. అందుకే కొత్తవాళ్లకి ధర కాస్త పెరుగుతుంది.

21 తీగల పశ్చిమాఫ్రికా వాద్యం కోరా ప్యాక్ ఈ ఏడాదే అన్నాను కదా, అదీ ఆలస్యమే. అందులో ఏం తుడిచేశానో మళ్లీ వింటున్నాను.