చేరకముందే తెలిసే దారి చూపండి: వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పౌరసరఫరాలు, వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను హనుమకొండలో ఇరవై ఏడేళ్లుగా ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్తున్నాను. సరుకు కొన్న ధర, అమ్మిన ధర, మధ్యలో మిగిలిన లాభం, ఇదే నా రోజువారీ పాఠం. అలాంటి నేనే ఒక గొలుసుకట్టు కంపెనీ డబ్బాలకు ఆరు వేల రూపాయలు కట్టాను. కంపెనీ మీద నాకు ఒక్క రోజు కూడా నమ్మకం కలగలేదు. అడిగింది నా దగ్గర చదువుకున్న పిల్లవాడు, నా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చొని అడిగాడు. కాదనలేకపోయాను.

ఏడాదిన్నర తర్వాత అదే అబ్బాయి మళ్లీ వచ్చి ఒక లాంగ్ నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. "ఇది మీ దగ్గర ఉంచండి సార్, ఇంట్లో ఉంటే అమ్మ చూసినప్పుడల్లా ఏడుస్తోంది" అన్నాడు. చేరిన రోజే ఆ పుస్తకం రాయించారట. తెలిసినవాళ్ల పేర్లు వంద రాయాలి, ఆలోచించకూడదు, గుర్తొచ్చినవాళ్లను గుర్తొచ్చినట్టు రాసుకుంటూ పోవాలి. మొదటి పేజీలో చిన్నమ్మ, మేనమామ, మెడికల్ షాపు అన్న, ఇంటర్‌లో పక్కన కూర్చున్నవాడు, అక్క పెళ్లి సంబంధం తెచ్చిన పెద్దాయన. ఒక్కో పేరు పక్కన స్కేలు పెట్టి గీసిన మూడు గడులు: ఏం పని చేస్తారు, ఏం అవసరంలో ఉన్నారు, అడిగితే చేరతారా లేదా. చిన్నమ్మ పక్కన "కూతురి పెళ్లి" అని ఉంది. మేనమామ పక్కన "బోర్ల అప్పు" అని ఉంది. పద్నాలుగో నంబరు నాది. "లెక్చరర్, రిటైర్మెంట్ దగ్గర, కాదనరు."

ఆ గడి చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. పిల్లవాడి మీద కోపం వచ్చి కాదు. వాడికి ఆ గడి ఎలా నింపాలో నేర్పినవాడు మా ఊళ్లోనే, ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకొని, సూటు వేసుకొని నేర్పాడు. మనిషికి ఎక్కడ నొప్పి ఉందో చూసి అక్కడ వేలు పెట్టమని ఇరవై రెండేళ్ల పిల్లలకు చెప్పాడు.

అబ్బాయి కట్టింది లక్షా అరవై వేలు. తల్లి పుస్తెలతాడు బ్యాంకులో పెట్టి తెచ్చారు. "నువ్వు ఇద్దరినే చేర్చు, చాలు. వాళ్లు ఇద్దరిద్దరిని చేరుస్తారు. లెఫ్ట్ లెగ్, రైట్ లెగ్ సమానంగా పెరిగితే నెలనెలా చెక్కు వస్తుంది" అన్నారు. లెగ్ అంటే మన కింద ఒక్కో పక్కన పెరిగే వరుస. ఆ ఇద్దరు అనే మాటలోనే మొత్తం మర్మం ఉంది. ఇద్దరు దొరకని వాళ్లెవరు అనిపిస్తుంది. ఒక్కసారి పలక మీద లెక్క వేసి చూడండి సార్. ఒకరితో మొదలై, ఆయన చేర్చిన ఇద్దరిని మొదటి మెట్టు అనుకొని, ప్రతివారూ ఇద్దరిని చేర్చుకుంటూ పోతే ఇరవై అయిదో మెట్టు దగ్గర కొత్తగా కావాల్సినవాళ్లు 3 కోట్ల 35 లక్షల 54 వేల పైచిలుకు. 2011 జనాభా లెక్కల్లో మన తెలంగాణ జనం అంతా కలిపి 3.5 కోట్లు. చంటిపిల్లలను కూడా చేర్చినా ఆ తర్వాతి మెట్టుకు మనుషులు లేరు.

ఇంకో సంగతి క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు నిశ్శబ్దమైపోతారు. ఈ గొలుసు ఏ రోజు ఆగినా, ఆ రోజు అట్టడుగు వరుసలో ఉన్నవాళ్ల సంఖ్య వాళ్ల పైన ఉన్న అందరి మొత్తం కన్నా ఎక్కువ. రెండో మెట్టులో నలుగురుంటే పైన ముగ్గురు. అయిదో మెట్టులో ముప్పై ఇద్దరుంటే పైన ముప్పై ఒక్కరు. ఇరవయ్యో మెట్టయినా ఇదే వరస. అంటే చేరినవాళ్లలో సగానికి పైగా ఒక్కరిని కూడా చేర్చకుండానే ఉండిపోతారు. "కష్టపడనివాళ్లే ఓడిపోతారు" అని మీటింగుల్లో చెప్తారు. కష్టానికీ దీనికీ సంబంధం లేదు. ఆ వరుసలో ఉన్నవాళ్లు ఎంత తిరిగినా లెక్క మారదు.

సభ్యులే సరుకు అమ్ముతూ కొత్త సభ్యులను చేర్చుకునే నెట్‌వర్క్ మార్కెటింగ్ మొత్తం మోసమని నేను అనడం లేదు. మా వీధిలో ఒకావిడ చీరల మూట తెచ్చి ఇంటింటికీ వాయిదాల మీద అమ్ముతుంది. రేపు ఆమె తన చెల్లెలికి కూడా ఒక మూట ఇచ్చి, చెల్లెలు అమ్మిన చీరల్లో కొంత తీసుకుందనుకోండి. అందులో తప్పేముంది? చీర కట్టుకునే మనిషి డబ్బిచ్చింది, ఆ డబ్బునే ఇద్దరూ పంచుకున్నారు. ఎల్‌ఐసీ ఏజెంటుకు కమిషన్ వచ్చేది పాలసీ ప్రీమియంలోంచి. ఆయన ఇంకో ఏజెంటును తెచ్చినా, తేకపోయినా ఆ పాలసీకి విలువ ఉంటుంది. సరుకు బయటివాళ్ల చేతికి వెళ్లి, వాళ్ల డబ్బు లోపలికి వస్తుంటే అది వ్యాపారం. బయటివాడు ఎవరూ కొనని సరుకును లోపలివాళ్లే కొని, ఆ డబ్బునే పైవాళ్లు కమిషన్ పేరుతో పంచుకుంటుంటే అది వ్యాపారం ఎలా అవుతుంది? ఆ అబ్బాయి మంచం కింద ఇప్పటికీ పదకొండు డబ్బాల పౌడరు ఉంది. ఒక్కటి కూడా బయట అమ్ముడుపోలేదు. ఆ ధరకు బజార్లో ఎవరు కొంటారు? అయినా కంపెనీ పుస్తకాల్లో అవి అమ్మకాలే. పాయింట్లు పడ్డాయి, పైన ఎవరికో కమిషన్ అందింది.

అందుకే సార్, సరుకు ఉందా లేదా అని చూస్తే ఏమీ తేలదు. ఈ రోజుల్లో సరుకు లేని గొలుసు దాదాపు ఉండదు. పౌడరో, వాచీనో, ఆన్‌లైన్ కోర్సో ఏదో ఒకటి మధ్యలో పెడతారు. 2019లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ఈబిజ్ కేసులో చేరడానికి ఒక్కొక్కరి దగ్గర 16,821 రూపాయలు తీసుకున్నారని చెప్పారు. దానికి బదులుగా చూపించింది కంప్యూటర్ కోర్సులు. ఎక్కువగా బలైంది కాలేజీ పిల్లలు. అంతకు ముందు ఏడాదే హర్యానాకు చెందిన ఫ్యూచర్ మేకర్ అనే గొలుసు కంపెనీ కేసు వచ్చింది. కంపెనీలు మారుతున్నాయి. ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకునే మనుషులు మాత్రం అక్కడక్కడే ఉండి, పాత డౌన్‌లైన్‌ను, అంటే తమ కింద చేరినవాళ్లను, కొత్త కంపెనీలోకి తీసుకుపోతున్నారు.

ఇక నేను అసలు రాయాలనుకున్నది. ఆ అబ్బాయిని తీసుకొని నేనే ఒక పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. అక్కడి ఆయన మా మాట ఓపిగ్గానే విన్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు, "నువ్వెంతమందిని చేర్పించావు?" నలుగురు అన్నాడు వీడు. "మరి వాళ్లు వచ్చి నీ మీద కంప్లైంట్ ఇస్తే?" అన్నాడాయన. బెదిరించడానికి అన్నమాట కాదది, ఉన్నమాటే. 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఇలాంటి పథకాన్ని నడపడమే కాదు, అందులో సభ్యుడిగా చేరడం, డబ్బు కట్టడం, తీసుకోవడం కూడా నేరమే. నాలుగో సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు. వీడు ఆ రోజు కంప్లైంట్ రాయకుండానే బయటికి వచ్చేశాడు. బస్టాండు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నలుగురిలో ఒకడు చిన్నమ్మ కొడుకే.

ఈ మోసం ఇన్నేళ్లుగా బతకడానికి కారణం ఇదే అని నేను నమ్ముతున్నాను. దొంగతనం జరిగితే పోగొట్టుకున్నవాడు అరుస్తాడు. ఇక్కడ పోగొట్టుకున్నవాడు నోరు తెరిస్తే తనవాళ్లే తన మీదికి వస్తారు, చట్టమూ వస్తుంది. దాంతో అందరూ నోరు మూసుకుంటారు. వదిన, ఆడబిడ్డ మాట్లాడుకోవడం మానేస్తారు. పండగలకు రావడం మానేస్తారు. కేసు మాత్రం ఉండదు. అదే చట్టంలో జరిమానా అయిదు వేల రూపాయలకు మించదు. ఈబిజ్‌లో ఒక్కడు చేరడానికి కట్టిన డబ్బు దానికి మూడు రెట్ల పైనే.

ఇంకోపక్క మామూలు మనిషికి ఏది చట్టబద్ధమో తెలిసే దారి లేదు. 2007లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్‌వే అనే నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ పథకం 1978 చట్టం కిందికే వస్తుందని చెప్పింది. 2016లో కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్‌కు, అంటే దుకాణం లేకుండా మనుషుల ద్వారా నేరుగా అమ్మే పద్ధతికి, మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద డైరెక్ట్ సెల్లింగ్ నియమాలే తెచ్చింది. మంచి నియమాలే అవి. చేరడానికి ఫీజు తీసుకోకూడదు. రాతపూర్వక ఒప్పందం ఉండాలి. మనసు మారితే తప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. అమ్మేవాళ్లు ఐడీ కార్డు లేకుండా, ముందు చెప్పకుండా ఇంటికి రాకూడదు. పిరమిడ్ పథకం, అంటే కింద చేరేవాళ్ల డబ్బుతో పైవాళ్లకు లాభం పంచే గొలుసు, నడపకూడదని నేరుగానే రాశారు. అయితే మీటింగుల్లో జరుగుతున్నదేమిటంటే, ఈ నియమాలనే తెర మీద చూపించి "ఇదిగో గవర్నమెంటు పర్మిషన్" అంటున్నారు. పక్కన కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, జీఎస్టీ నంబరు. ఆ సర్టిఫికెట్ కంపెనీ పుట్టిందని చెప్తుంది, జీఎస్టీ నంబరు పన్ను కట్టడానికి ఇచ్చింది. పథకం మంచిదని ఆ రెండు కాగితాలూ చెప్పవు. పదో తరగతి చదివిన తల్లికి ఆ తేడా ఎవరు చెప్తారు?

ఫీజు విషయం కూడా అంతే. ఫీజు వద్దన్నారు కాబట్టి దాన్ని "మొదటి కొనుగోలు" అంటున్నారు. లక్షా అరవై వేలకు రసీదు మీద ఉన్నది సరుకు పేరే.

2021 నియమాల్లోనే ఈ కంపెనీలను, అమ్మేవాళ్లను గమనించడానికి ప్రతి రాష్ట్ర ప్రభుత్వం ఒక ఏర్పాటు చేయాలని ఉంది. కాగితం మీద అది ఎలా ఉన్నా, హనుమకొండలో ఒక తండ్రి వెళ్లి "మావాడు ఈ కంపెనీలో డబ్బు కడతానంటున్నాడు, కట్టొచ్చా?" అని అడగగలిగే బల్ల ఎక్కడుందో మా కాలేజీలో ఏ ఒక్కరికీ తెలియదు. వినియోగదారుల ఫిర్యాదులకున్న 1915 హెల్ప్‌లైన్ గురించి నేనే పిల్లలకు చెప్తుంటాను. అది దెబ్బ తిన్నాక చేసే ఫోన్. నేను అడుగుతున్నది దెబ్బ తినకముందు అడిగే చోటు. జిల్లా పౌరసరఫరాల ఆఫీసులోనే ఒక మనిషిని కూర్చోబెట్టండి. జిల్లాలో మీటింగు పెట్టే ప్రతి కంపెనీ ముందుగా అక్కడ ఒకే ఒక్క లెక్క ఇవ్వాలి: పోయిన ఏడాది అమ్మిన సరుకులో సభ్యులు కానివాళ్లు కొన్నది ఎంత? ఆ అంకెను తెలుగులో, ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గరే అంటించమనండి. నిజంగా వ్యాపారం చేసేవాళ్లకు అది ఇబ్బంది కాదు సరికదా, వాళ్ల పరువు కూడా నిలబడుతుంది. ఇవ్వలేని వాళ్లకు హాలు ఇవ్వొద్దనండి.

రెండోది, హోంశాఖతో మాట్లాడండి. అడుగు మెట్లలో ఉండి, డబ్బు పోగొట్టుకొని, తనంతట తానుగా వచ్చి చెప్పేవాణ్ని సాక్షిగా చూడమని స్టేషన్లకు రాతపూర్వకంగా చెప్పించండి. 1978 చట్టం కేంద్రానిది, దాన్ని మార్చమని అడిగే గొంతు మాత్రం మీకు ఉంది. మైకు పట్టుకున్నవాణ్నీ, పుస్తెలతాడు కుదువపెట్టినవాణ్నీ ఒకే గాటన కట్టేసే సెక్షన్ వల్ల మైకు పట్టుకున్నవాడే బాగుపడుతున్నాడు.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు, మా ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు. వాళ్లు పనిచేసిన ఆఫీసుకు నెట్‌వర్క్ మార్కెటింగ్‌తో సంబంధం ఉందని, చేరడానికి లక్షలు కట్టారని అప్పుడు వార్తలొచ్చాయి. అగ్నిప్రమాదం వేరే విషయం, దానికి కారణాలు వేరు. కానీ ఆ పిల్లలు ఆ మెట్లెక్కి ఆ ఆఫీసుకు ఎందుకు వెళ్లారన్నది నాకు వేరే విషయంలా అనిపించదు. డిగ్రీ చేతిలో ఉండి ఉద్యోగం లేని ఊళ్ల నుంచే వీళ్లకు మనుషులు దొరుకుతున్నారు. వచ్చే జూన్‌లో నా క్లాసు నుంచి వెళ్లిన ఇంకో బ్యాచ్ డిగ్రీ పూర్తి చేసుకొని బయటికొస్తుంది.

ఆ నోటుబుక్కు నా బీరువాలో ఉంది. ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. మీ శాఖ నుంచి ఎవరు అడిగినా పేర్లన్నీ కొట్టేసి, గడులు మాత్రం కనిపించేలా తెచ్చి చూపిస్తాను. నాది పద్నాలుగో నంబరు, ఆ ఒక్క పేరూ కొట్టేయక్కర్లేదు.

ఇట్లు,
ఒక కామర్స్ లెక్చరర్,
హనుమకొండ